యాపిల్ మేలంతా కొరికి తినడంలోనే

పోషకాల పట్టిక ఒక్కటే ముందు పెట్టుకుని చూసేవారికి యాపిల్‌కు ఇంత పేరు ఎందుకొచ్చిందో ఒక పట్టాన అంతుపట్టదు. తొక్కతో సహా తూచిన 100 గ్రాముల పండులో దాదాపు 86 గ్రాములు నీరే ఉంటుంది. మిగిలినదానిలో సింహభాగం చక్కెరలది. అవి 10 గ్రాములకు కాస్త పైనే ఉంటాయి. పీచు 2.4 గ్రాములు, పొటాషియం 107 మిల్లీగ్రాములు, సి విటమిన్ 4.6 మిల్లీగ్రాములు. అంతే బరువున్న నారింజలోని సి విటమిన్‌తో పోలిస్తే ఇది పదో వంతు కూడా కాదు. మాంసకృత్తులు, కొవ్వు ఉన్నాయంటే ఉన్నాయి. కోసిన ముక్క కాసేపటికి గోధుమ రంగుకు తిరగడం చూసి అందులో ఇనుము దండిగా ఉందని నమ్మేవారు చాలామంది ఉన్నారు గానీ, 100 గ్రాముల పండులో దొరికే ఇనుము 0.12 మిల్లీగ్రాములే. ఆ రంగు కథ వేరు.

అయినా యాపిల్ తినేవారి ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు ఈ పండును తీసిపారేయలేదు. ఆకలి అదుపులో ఉండటం, కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గడం, మధుమేహం ముప్పు తక్కువగా కనిపించడం వంటివి పలు అధ్యయనాల్లో నమోదయ్యాయి. పట్టికకు అందని ఈ మేలు ఎక్కడి నుంచి వస్తున్నట్టు? పండులో ఏమేమున్నాయన్న లెక్క కన్నా, ఉన్నవి ఒకదానితో ఒకటి ఎలా అల్లుకుని ఉన్నాయన్న విషయంలోనే దీనికి జవాబు ఎక్కువగా దొరుకుతుంది. కొరకనిదే నోట్లోకి రాదు, నమలనిదే గొంతు దిగదు. యాపిల్ ప్రత్యేకత అంతా ఇక్కడే ఉంది. పంటి కింద కరకరలాడుతూ హాయినిచ్చే ఆ గట్టిదనమే కడుపులోకి వెళ్లాక కూడా తన పని తాను చేసుకుపోతుంది. అందువల్ల యాపిల్ రుచి గురించి ఒక చోట, ఆరోగ్యం గురించి మరొక చోట విడదీసి చెప్పడం కష్టం.

ఈ మాటకు బలమైన ఆధారం 1977లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వెలువడిన ఒక చిన్న ప్రయోగం. బ్రిటన్ పరిశోధకులు 10 మంది ఆరోగ్యవంతులకు యాపిల్‌ను మూడు రూపాల్లో ఇచ్చారు: ఒకసారి పండుగా, ఒకసారి మెత్తగా చేసిన గుజ్జుగా, మరొకసారి పీచు తీసేసిన రసంగా. మూడింటిలోనూ పిండిపదార్థం మోతాదు ఒక్కటే. పండు తినడానికి పట్టిన సమయంతో పోలిస్తే రసం తాగడం 11 రెట్లు వేగంగా ముగిసింది; గుజ్జుతో పోల్చినా 4 రెట్లు వేగం. కడుపు నిండినట్టు అనిపించడం పండుతో ఎక్కువగా, గుజ్జుతో అంతకన్నా తక్కువగా, రసంతో మరీ తక్కువగా ఉంది. ఆసక్తికరమైన సంగతి ఆ తర్వాత జరిగింది. రక్తంలో చక్కెర మూడు సందర్భాల్లోనూ దాదాపు ఒకే ఎత్తుకు చేరింది గానీ, రసం తాగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై, కొంతసేపటికి చక్కెర ఉన్నట్టుండి బాగా కిందికి జారింది. గుజ్జు తిన్నప్పుడు ఆ జారుడు కొంత తక్కువగా ఉంది. పండు కొరికి తిన్నప్పుడు అసలు కనిపించలేదు. గుజ్జులోని పీచు ఎక్కడికీ పోలేదు, మొత్తం అందులోనే ఉంది. చెదిరిపోయింది దాని అల్లిక మాత్రమే. ఆ అల్లిక చెదరడంతోనే శరీరం స్పందించే తీరు మారిపోయింది.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం ఇదే ప్రశ్నను భోజనం వైపు నుంచి అడిగింది. 58 మందికి వేర్వేరు రోజుల్లో, మధ్యాహ్న భోజనానికి కాస్త ముందు, సమానమైన క్యాలరీలు ఉండేలా యాపిల్ ముక్కలు, ఉడికించిన యాపిల్ గుజ్జు, మామూలు రసం, పీచు కలిపిన రసం ఇచ్చారు. ఒక రోజు ఏమీ ఇవ్వలేదు. ముక్కలు తిన్న రోజున, ఆ ముక్కల క్యాలరీలను కలిపి లెక్కవేసినా, మొత్తం మీద లోపలికి వెళ్లిన శక్తి 15 శాతం తగ్గింది. రసాల్లో ఆ ఫలితం లేదు. ఈ అధ్యయనంలో అన్నిటికన్నా గుర్తుంచుకోదగ్గది పీచు కలిపిన రసం సంగతి. తీసేసిన పీచును పొడి రూపంలో తిరిగి రసంలో కలిపినంత మాత్రాన కడుపు నిండిన భావన రాలేదు. డబ్బా మీద 'పీచు కలిపినది' అన్న మాట చదివి రసం కొనేవారు ఆలోచించుకోవలసిన విషయం ఇది.

ఇంతకీ ఆ అల్లిక ఎలా ఉంటుంది? తాజా పండు లోపల ప్రతి కణమూ నీటితో ఉబ్బి, గాలి కొట్టిన బంతిలా బిగుసుకుని ఉంటుంది. కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. అక్కడక్కడా ఖాళీలు, వాటి నిండా గాలి. పండు పరిమాణంలో పావు వంతుకు దగ్గరగా ఉండేది ఈ గాలే కాబట్టి యాపిల్ నీళ్లలో వేస్తే మునగదు. ముందు పళ్లు తొక్కలో దిగినప్పుడు మొదట కొద్దిగా ఎదురుదన్ను తగులుతుంది. మరు క్షణంలో తొక్క తెగి, దాని వెనుక ఉన్న కణాలు వరుసగా పగులుతాయి, చటుక్కుమన్న చప్పుడు దవడ ఎముక గుండా చెవికి చేరుతుంది, పగిలిన ప్రతి కణం నుంచి చుక్కంత రసం ఎగజిమ్ముతుంది. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ 1991లో విడుదల చేసిన హనీక్రిస్ప్ రకానికి వచ్చిన పేరుకు ముఖ్య కారణం దాని కణాలు సాధారణ రకాల కన్నా పెద్దవిగా ఉండటమే. అవి పగిలినప్పుడు చప్పుడూ ఎక్కువే, రసమూ ఎక్కువే.

గుల్లబారిన పండు దీనికి పూర్తిగా వ్యతిరేకం. నిల్వ ఉన్న కొద్దీ కణాల మధ్య జిగురు కరిగిపోతుంది, లోపలి బిగువు సడలుతుంది. అప్పుడు కొరికితే కణాలు పగలవు, ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి పక్కకు జారుకుంటాయి. రసం ఆ కణాల లోపలే ఉండిపోతుంది కాబట్టి నాలుకకు తడి తగలక, పిండి నమిలినట్టు అనిపిస్తుంది. నిజానికి అలాంటి పండులోనూ నీరు దండిగానే ఉంటుంది. పోషకాల లెక్కలో పెద్దగా తేడా లేకపోయినా మంచి పండును ఆఖరి ముక్క దాకా తినేవారు గుల్లబారినదాన్ని సగంలోనే పక్కన పెట్టేస్తారు. తినబుద్ధి కాని పండు వల్ల ఒరిగే ఆరోగ్యం ఏమీ ఉండదు కాబట్టి, మంచి పండును ఎంచుకోవడం కూడా ఆరోగ్య విషయమే అవుతుంది.

యాపిల్ పీచులో కరగని భాగం ఎక్కువ, కరిగేది తక్కువ. కరగని పీచు పేగుల్లో మలానికి పరిమాణాన్నిచ్చి కదలికను సులభం చేస్తుంది. కరిగే భాగంలో ముఖ్యమైనది పైన చెప్పుకున్న పెక్టినే. 1825లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఆన్రి బ్రకోనో దీన్ని వేరుచేసి వివరించాడు. జామ్ గట్టిపడటానికి కారణం కూడా ఇదే. కడుపులో అది నీటిని పీల్చుకుని చిక్కబడి, ఆహారం ముందుకు సాగే వేగాన్ని తగ్గిస్తుంది. పేగుల్లో పిత్త ఆమ్లాలను కొంతమేర పట్టి ఉంచి బయటికి పంపుతుంది. అలా పోయిన పిత్త ఆమ్లాలను భర్తీ చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకోవలసి వస్తుంది. అరగకుండా పెద్దపేగు చేరిన భాగాన్ని అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి, పేగు గోడల కణాలకు ఆహారమయ్యే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు తదితరులు 2020లో ప్రచురించిన ప్రయోగంలో, కొలెస్ట్రాల్ కొద్దిగా ఎక్కువగా ఉన్న 40 మంది 8 వారాల పాటు రోజుకు రెండు యాపిల్ పండ్లు తిన్నారు, మరో 8 వారాలు అంతే చక్కెర ఉన్న పానీయం తాగారు. పండ్లు తిన్న కాలంలో చెడు కొలెస్ట్రాల్ సుమారు 4 శాతం తక్కువగా ఉంది. ఇది చిన్న తేడానే, మందుబిళ్లకు బదులుగా వాడదగ్గది కాదు. కానీ ఒక పండు తినే అలవాటు వల్ల ఇంత జరుగుతున్నదంటే దాన్ని చిన్నచూపు చూడవలసిన పనీ లేదు.

చక్కెర మాటేమిటన్న సందేహం ఇక్కడ సహజంగానే వస్తుంది. 180 గ్రాముల మధ్యస్థమైన పండులో 19 గ్రాముల దాకా చక్కెరలు ఉంటాయి, వాటిలో సగానికి పైగా ఫ్రక్టోజ్. అయితే అవన్నీ కణాల గోడల మధ్య బందీగా ఉండి నిదానంగా విడుదలవుతాయి కాబట్టి రక్తంలో చక్కెరను పెంచే వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ సూచిలో యాపిల్ 40కి అటూఇటూగా, తక్కువ వర్గంలోనే ఉంటుంది. అమెరికాలో 1,87,000 మందికి పైగా ఆరోగ్య రంగ ఉద్యోగుల సమాచారాన్ని విశ్లేషించి 2013లో 'బీఎంజే' పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, యాపిల్, పియర్ పండ్లను వారానికి మూడుసార్ల చొప్పున ఎక్కువగా తినేవారిలో టైప్-2 మధుమేహం ముప్పు 7 శాతం తక్కువగా ఉంది. అదే మోతాదులో పండ్ల రసం తాగేవారిలో ముప్పు 8 శాతం ఎక్కువగా కనిపించింది. ఇలాంటి అధ్యయనాలు కార్యకారణాన్ని నిరూపించలేవు, పండ్లు తినేవారికి ఇతర మంచి అలవాట్లు కూడా ఉంటాయి. అయినప్పటికీ ఒకే పండు పండుగా ఒక వైపుకు, రసంగా మరో వైపుకు మొగ్గడం 1977 నాటి ప్రయోగంతో చక్కగా పొసగుతుంది. మధుమేహం ఉన్నవారు కూడా మోతాదు చూసుకుని యాపిల్ తినవచ్చు. వారు దూరం పెట్టవలసింది రసాన్ని.

చెక్కు తీసి తినే అలవాటు వల్ల పోయేది ఎక్కువే. పీచులో దాదాపు సగం తొక్కతోనే వెళ్లిపోతుంది. పాలీఫినాల్స్ అనే వృక్ష రసాయనాల్లో ఒకటైన క్వెర్సెటిన్ దాదాపు మొత్తం తొక్కలోనే ఉంటుంది. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు కూడా చాలా రకాల్లో తొక్కకే పరిమితం. తొక్క మీది మెరుపు చూసి భయపడేవారున్నారు. పండు తన తేమను కాపాడుకోవడానికి సహజంగానే మైనపు పొరను తయారుచేసుకుంటుంది. కోత తర్వాత కడిగినప్పుడు అది కొంత పోతుంది కాబట్టి దాని స్థానంలో కార్నౌబా మైనం లేదా లక్క వంటి తినదగిన పూత పలుచగా వేస్తారు. పురుగుమందుల అవశేషాల భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. మసాచుసెట్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో జరిపిన పరీక్షల్లో వంట సోడా కలిపిన నీటిలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే వారు పరీక్షించిన రెండు మందులు తొక్క పైనుంచి పూర్తిగా తొలగిపోయాయి. అప్పటికే తొక్కలోకి ఇంకిన కొద్దిపాటి భాగం అలాగే ఉండిపోయింది. పారే నీటిలో చేత్తో బాగా రుద్ది కడగడం మామూలు రోజులకు సరిపోతుంది.

కోసిన ముక్క రంగు మారడానికి కారణం ఈ పాలీఫినాల్సే. చెక్కుచెదరని కణంలో అవి ఒక అరలో, వాటితో చర్య జరిపే ఎంజైము మరొక అరలో ఉంటాయి. కత్తి దిగగానే అరలు తెగి రెండూ కలుస్తాయి, గాలిలోని ఆక్సిజన్ తోడై గోధుమ రంగు పుడుతుంది. నిమ్మరసం పూస్తే దాని పులుపు ఎంజైమును అణచివేస్తుంది. రంగు మారిన ముక్క తింటే ఏ హానీ లేదు, చూడటానికి బాగుండదంతే.

యాపిల్‌కు సంబంధించిన పాలీఫినాల్స్‌లో ఫ్లోరిడ్జిన్ కథ పక్కదారి అనిపించినా చెప్పుకోదగ్గది. 1835లో యూరప్ రసాయన శాస్త్రవేత్తలు దీన్ని యాపిల్ చెట్టు వేరు బెరడు నుంచి వేరుచేశారు. చేదుగా ఉండటంతో జ్వరాలకు పనికొస్తుందేమోనని ఆశపడ్డారు. అర్ధ శతాబ్దం గడిచాక, 1886లో, జర్మన్ వైద్యుడు వాన్ మేరింగ్ దీన్ని తీసుకుంటే మూత్రం ద్వారా చక్కెర బయటికి పోతుందని గమనించాడు. వడపోతలో దిగిన చక్కెరను మూత్రపిండాలు తిరిగి రక్తంలోకి లాగేసుకోకుండా ఇది అడ్డుకుంటున్నదని తర్వాత తేలింది. ఫ్లోరిడ్జిన్ పేగుల్లోనే విచ్ఛిన్నమైపోతుంది కాబట్టి నేరుగా మందుగా పనికిరాలేదు. కానీ దాని నిర్మాణాన్ని ఆధారం చేసుకుని మార్పులు చేయగా వచ్చినవే డాపాగ్లిఫ్లోజిన్ వంటి నేటి మధుమేహ మందులు. ఈ మాట విని యాపిల్ తింటే ఆ మందు వేసుకున్నట్టేనని అనుకోవడం పొరపాటు. బెరడుతో పోలిస్తే పండులో ఉండే మోతాదు చాలా తక్కువ.

పండును మందుగా చూసే ధోరణికి పాత సామెత ఒకటి ఆజ్యం పోసింది. రోజుకో యాపిల్ తింటే వైద్యుడి అవసరం ఉండదన్న ఆ మాటకు దొరికిన తొలి అచ్చు రూపం 1866 నాటిది. వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ ప్రాంతపు నానుడిగా అది నమోదైంది. పడుకోబోయే ముందు యాపిల్ తింటే వైద్యుడికి కూడు దొరక్కుండా చేసినవారవుతారన్నది దాని సారాంశం. 2015లో అమెరికా పరిశోధకులు దీన్ని నిజంగానే పరీక్షకు పెట్టారు. 8,399 మంది వివరాలు తీసుకోగా వారిలో 753 మంది రోజూ యాపిల్ తినేవారని తేలింది. చదువు, పొగతాగే అలవాటు వంటి తేడాలను సరిచేసి చూస్తే, తినేవారూ తిననివారూ వైద్యుడి దగ్గరకు వెళ్లడంలో చెప్పుకోదగ్గ వ్యత్యాసం లేదు. వైద్యుడు రాసిచ్చే మందుల వాడకం మాత్రం తినేవారిలో కొంచెం తక్కువ. సామెత ఓడిపోయిందని దీన్ని చదవడం కన్నా, ఏ ఒక్క పండు మీదా అంత భారం మోపకూడదని చదవడం న్యాయంగా ఉంటుంది.

మందుగా కాక పండుగా చూసినప్పుడే యాపిల్ అసలు సంపద కనిపిస్తుంది. దీని పూర్వీకులు మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ పర్వతాల అడవుల్లో ఇప్పటికీ పెరుగుతున్నాయి. గింజ నాటితే తల్లి చెట్టు లాంటి పండు రాదు, ప్రతి గింజ నుంచీ ఒక కొత్త రకమే మొలుస్తుంది. నచ్చినదాన్ని నిలుపుకోవాలంటే అంటు కట్టవలసిందే. అలా నిలుపుకున్న రకాలు నేడు వేలల్లో ఉన్నాయి. వాటి మధ్య తేడాలో ఎక్కువ భాగం చక్కెరకూ మాలిక్ ఆమ్లానికీ మధ్య తూకంలో ఉంటుంది. ఈ ఆమ్లాన్ని 1785లో స్వీడన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త షీలే యాపిల్ రసం నుంచే వేరుచేశాడు, లాటిన్‌లో యాపిల్‌కున్న పేరు నుంచే దానికి పేరు వచ్చింది. ఆకుపచ్చని గ్రానీ స్మిత్‌లో పులుపుదే పైచేయి, జపాన్‌లో పుట్టిన ఫుజీలో తీపిది. చెట్టు నుంచి కోసిన తర్వాత కూడా పండు శ్వాసిస్తూ ఆ ఆమ్లాన్ని ఖర్చుచేస్తూనే ఉంటుంది కాబట్టి పుల్లగా ఉన్న పండు కొన్నాళ్లకు తియ్యబడినట్టు తోస్తుంది. నిజానికి తీపి పెరగడం కన్నా పులుపు తగ్గడమే అందులో ఎక్కువ.

నాలుక పట్టేది తీపి, పులుపు, తొక్క దగ్గరి వగరు మాత్రమే. అది యాపిలేనని గుర్తుపట్టేది ముక్కు. పండు వాసనలో 300కు పైగా ఆవిరయ్యే పదార్థాలను గుర్తించారు, వాటిలో ప్రధానమైనవి పండ్లకు కమ్మని వాసననిచ్చే ఈస్టర్లు అనే రసాయనాలు. చల్లదనంలో ఇవి తేలిగ్గా పైకి లేవవు. ఫ్రిజ్ లోంచి తీసిన వెంటనే కొరికితే చప్పుడు బాగుంటుంది గానీ వాసన ముడుచుకుని ఉంటుంది. అరగంట బయట ఉంచితే రెండూ దక్కుతాయి. అలాగని రోజుల తరబడి బయటే ఉంచడమూ మంచిది కాదు. యాపిల్ విడుదల చేసే ఇథిలీన్ వాయువు దాన్నీ, పక్కనున్న ఇతర పండ్లనూ త్వరగా మగ్గబెడుతుంది. సంచిలో కట్టి ఫ్రిజ్‌లో విడిగా ఉంచితే ఆ బెడద తక్కువ.

పండును నిలువుగా కాక అడ్డంగా కోస్తే మధ్యలో అయిదు రేకుల నక్షత్రం కనిపిస్తుంది. ఒక్కో రేకులో మామూలుగా రెండేసి గింజలు. వృక్షశాస్త్రం దృష్టిలో అసలు ఫలం ఆ నక్షత్రమే, ఇష్టంగా తినే గుజ్జు పువ్వు అడుగు భాగం ఉబ్బగా ఏర్పడినది. ఆ గట్టి మధ్యభాగాన్ని తిన్నా నష్టం లేదు, గింజలను మాత్రం నమలకూడదు. వాటిలోని అమిగ్డాలిన్ నలిగినప్పుడు సయనైడ్ పుడుతుంది. పొరపాటున ఒకటి రెండు నమిలితే ప్రమాదమేమీ ఉండదు, మింగిన గింజ నలగకుండా బయటికి పోతుంది. మిక్సీలో వేసేటప్పుడు మాత్రం ముందుగా తీసేయడం అవసరం.

అందరికీ ఈ పండు పడుతుందని చెప్పలేము. పేగులు తేలిగ్గా చికాకుపడేవారికి ఇందులోని అదనపు ఫ్రక్టోజ్, సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం వల్ల ఉబ్బరం, విరేచనాలు కలగవచ్చు. బర్చ్ చెట్ల పుప్పొడి పడనివారిలో కొందరికి పచ్చి యాపిల్ కొరకగానే పెదవులు, నోరు దురద పెడతాయి. ఆ ప్రతిచర్యకు కారణమైన ప్రోటీను వేడికి మారిపోతుంది కాబట్టి వారిలో చాలామంది ఉడికించినది తినగలుగుతారు. పళ్లు శుభ్రమవుతాయన్న నమ్మకంతో బ్రష్ మానేయడం తగదు, పండులోని పులుపు పంటి పైపొరను కాసేపు మెత్తబరుస్తుంది. తిన్న వెంటనే నోరు పుక్కిలించి, బ్రష్ చేయడానికి కొంత సమయం ఆగడం మేలు. ఎండబెట్టిన ముక్కల్లో నీరు పోయి చక్కెర 100 గ్రాములకు 57 గ్రాముల దాకా చేరుతుంది, గుప్పెడు తింటేనే దాదాపు ఒక పండులోని చక్కెర అంతా లోపలికి వెళ్లినట్టు.

గట్టి ముక్క గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్న పసిపిల్లలకు తురిమి గానీ ఆవిరి మీద మెత్తబరచి గానీ ఇవ్వాలి. పళ్లు ఊడిన పెద్దవారికి సాధారణంగా రసం తీసి ఇస్తుంటారు. దానికి బదులు తొక్కతోనే కాగితంలా పలుచగా తరిగిన ముక్కలు ఇస్తే చిగుళ్లతోనే నమలగలుగుతారు. అదీ సాధ్యం కాకపోతే, పండును సగానికి కోసి చెంచాతో గీరి, ఒక్కో చెంచా చొప్పున నిదానంగా తినిపించవచ్చు. గుల్లబారిందని అందరూ పక్కన పెట్టే పండు ఇలా గీరడానికి బాగా పనికొస్తుంది.